ఆరేళ్లు వాడాక: పంపు పక్కనున్న ఆ చిన్న లివర్ గురించి

మా సెయిల్‌బోట్‌లో ఉన్నది ఒక్క సిలిండర్ డీజిల్ ఇంజన్, 9 హెచ్‌పీ, పాత పడవతో పాటే వచ్చింది. నేనూ నా ఫ్రెండూ కలిసి కొని ఆరేళ్లయింది, చెన్నై హార్బర్‌లోనే ఉంచుతాం. పవరూ మైలేజీ గురించి నేనేం చెప్పను, అవి ఎక్కడైనా దొరుకుతాయి. ట్యాంకు నుంచి డీజిల్ లాగే పంపుకి పక్కన వేలంత లివర్ ఒకటి ఉంటుంది, చేత్తో కొట్టేది. ఇంజన్ మొత్తంలో నాకు అదంటేనే ప్రాణం, ఎందుకో చెప్తా.

2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను వానలకి ఊరు మునిగింది కదా, నెల పైనే పడవ వైపు పోలేకపోయాం. ట్యాంకులో డీజిల్ సగమే ఉంది. సగం ఖాళీగా వదిలేస్తే లోపలి గాలిలో తేమ ట్యాంకు గోడలకి చెమటలా పట్టి కిందకి జారుతుంది, నీళ్లు డీజిల్ కన్నా బరువు కాబట్టి అడుగున చేరతాయి, ఆ రెండూ కలిసే చోట నల్లగా జిగురులాంటిది పెరుగుతుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. జనవరిలో ఒకరోజు పొద్దున్నే గాలి లేదని ఇంజన్ మీదే బయల్దేరాం. హార్బర్ దాటి అలలు తగిలేసరికి ట్యాంకు అడుగున ఉన్నదంతా లేచి ఫిల్టర్‌లో ఇరుక్కుంది, ఇంజన్ సౌండు తగ్గింది, పెరిగింది, మళ్లీ తగ్గి ఆగిపోయింది. దూరంగా టగ్గుల వెనక కంటైనర్ షిప్పు కనిపిస్తోంది. ఫ్రెండు తెరచాప ఎత్తి ఉన్న కాస్త గాలికే పడవని షిప్పుల దారిలోంచి పక్కకి తెచ్చాడు, లంగరేశాం.

స్పేర్ ఫిల్టర్ ఉంది, మార్చా. కానీ ఫిల్టర్ విప్పితే లైన్లోకి ఎయిర్ వస్తుంది, గాలి నలుగుతుందే తప్ప ప్రెజర్‌ని సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ దాకా పోనివ్వదు, అది తీసేదాకా స్టార్టవ్వదు. ఫిల్టర్ పైన బోల్టు లూజు చేసి లివర్ కొట్టడం మొదలుపెట్టా, యాభై సార్లు, వంద సార్లు, ఒక్క చుక్క రాలేదు, చెమటకి స్పానర్ చేతిలోంచి జారిపోతోంది, లివర్ మాత్రం వదులుగా అటూ ఇటూ ఆడుతోంది. పంపు పోయిందనే అనుకున్నా. కాశిమేడులో చేపల బోట్లకి పనిచేసే పెద్ద మెకానిక్ ఒకాయన ఉన్నాడు, నెల్లూరు వైపు మనిషి, అంతకుముందోసారి మాకు ఎగ్జాస్ట్ పైపు మార్చాడు. సిగ్నల్ ఉంది కాబట్టి ఫోన్ చేశా.

"కొడతా ఉంటే చేతికి బరువు తగలతా ఉండాదా అబ్బయ్యా?"

లేదన్నా, ఊరికే ఆడుతోంది అన్నా.

"అయితే పంపుకేం కాలా. లోపల క్యామ్ దాన్ని ఎత్తి పట్టుకోనుండాది. ఇంజన్‌ని ఒక్క చుట్టు తిప్పి అప్పుడు కొట్టు."

క్యామ్ అంటే ఇంజన్‌తో పాటు తిరుగుతూ పంపుని నొక్కే మిట్ట. సిలిండర్‌లో ఒత్తిడి వదిలేసి ఇంజన్ చేత్తో తిరిగేలా చేసే డికంప్రెషన్ లివర్ ఎత్తి, హ్యాండిల్ వేసి ఒక్క చుట్టు తిప్పా. మళ్లీ పంపు లివర్ మీద వేలు పెట్టగానే బరువు తగిలింది! బోల్టు దగ్గర ముందు నురగ, తర్వాత బుడగలు, తర్వాత తేటగా డీజిల్. బోల్టు బిగించి, 16-17 స్పానర్‌తో ఇంజెక్టర్ నట్టు కొంచెం వదులు చేసి తిప్పితే అక్కడా చిమ్మింది, బిగించా, స్టార్టయింది. చిన్నప్పుడు మా బావి దగ్గర నాన్న హ్యాండిల్ తిప్పి ఆయిల్ ఇంజన్ స్టార్ట్ చేసేవాడు, అదే టకటక. కళ్లలో నీళ్లొచ్చాయి, నిజంగా.

ఆ సంతోషంలో ఒక తప్పు చేశా. స్టార్టర్‌తో ఎక్కువసేపు తిప్పాల్సొస్తే, ఇంజన్‌ని చల్లబరిచే సముద్రపు నీళ్లు లోపలికొచ్చే కాక్ మూసేయాలి, లేకపోతే ఆ నీళ్లు సైలెన్సర్‌లో నిండి వెనక్కి సిలిండర్‌లోకి వచ్చే ప్రమాదం ఉంది. మూశా, కానీ ఇంజన్ అందుకున్నాక తెరవడం మర్చిపోయా. నీళ్లు లేక, ఆ నీళ్లు లాగే రబ్బరు చక్రం, ఇంపెల్లర్, దాని రెక్కలు మూడు ఊడిపోయాయి, ఆ ముక్కల్ని పైపుల్లోంచి వెతికి తీయడానికి ఒక ఆదివారం పోయింది. అప్పటి నుంచి కాక్ మూస్తే ఇంజన్ తాళంచెవి తీసి దాని హ్యాండిల్‌కే తగిలిస్తా.

కొన్న కొత్తలో తెలిసినవాళ్లందరికీ చెప్పా, అన్నీ చేతికి అందుతాయి, నెలకో గంట చాలని. అది తప్పు. ఇంపెల్లర్ మూత వెనక్కి తిరిగి ఉంటుంది, అద్దం పెట్టుకుని తడుముతూ స్క్రూలు తీయాలి. సముద్రపు నీళ్లే నేరుగా ఇంజన్‌లో తిరుగుతాయి కాబట్టి ఇంజన్ బదులు తుప్పుకి తను కరిగిపోయే జింక్ ముక్క ఒకటుంటుంది, అది పూర్తిగా అరిగిపోకముందే మార్చాలి. ఇక్కడి వేడి నీళ్లలో ప్రొపెల్లర్‌కి గవ్వల్లాంటి పురుగు గట్టిగా పట్టేస్తుంది, రెండు నెలలు గీకకపోతే లోడు పడి నల్ల పొగ. నెలకి ఒక పూట అనుకోండి.

నాకైతే రాయపురంలో ఇల్లు, పడవ దగ్గర, చేతులకి నూనె అంటితే ఇష్టం, పైగా పిలిస్తే పలికే మెకానిక్ ఉన్నాడు. బెంగళూరు నుంచి రెండు నెలలకోసారి వచ్చి పడవ తీసేవాళ్లకి ఇదే కొనమని చెప్పలేను. ఫ్రెండు కూడా ఈ ఏడాది కొత్తది వేద్దామంటున్నాడు, తను చూసినదాంట్లో ఎలక్ట్రిక్ పంపు, స్విచ్ వేస్తే ఎయిర్ అదే పోతుందట. షిప్పు వస్తుంటే ఆ రోజు తెరచాప తాడు పట్టుకున్నది తను, కాబట్టి కాదనలేకపోతున్నా. అవుననీ ఇంకా అనలేదు.