పందిట్లో పద్య నాటకమా, ఆర్కెస్ట్రానా?

శ్రీరామనవమికి నెలన్నర ముందు నుంచే నాకు ఫోన్లు మొదలవుతాయి. మా ఊరి పందిరి కమిటీలో పదకొండేళ్లుగా ఉన్నాను కాబట్టి చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు అదే ప్రశ్న అడుగుతారు. "ఈసారి నాటకం పెట్టించమంటారా, ఆర్కెస్ట్రానా? నాటకం పెడితే కుర్రాళ్లు రారు, ఆర్కెస్ట్రా పెడితే పెద్దవాళ్లు ఊరుకోరు." మేం రెండూ పెట్టి చూశాం. ఫోన్లో ముక్కలుగా చెప్పేదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

డబ్బు దగ్గర తేల్చుకుందామంటే తేలదు. నాటకానికి నటులు, హార్మోనియం, తబలా, మేకప్, డ్రస్సులు, తెరలు, రానుపోను బండి. ఆర్కెస్ట్రాకి పాడేవాళ్లు, వాయించేవాళ్లు, డాన్సర్లు, లైట్లు, సౌండు. పేరున్నవాళ్లని పిలిస్తే ఎటైనా పెరుగుతుంది. మా లెక్కల పుస్తకంలో రెండిటికీ పెద్ద తేడా రాలేదు.

టైము మాత్రం నాటకానికి ఎదురు తిరిగింది. మా నాన్నగారి రోజుల్లో రాత్రి తొమ్మిదింటికి మొదలై తెల్లవారి కోడి కూసేదాకా ఆడేవాళ్లు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మైకు వాడకూడదు. పండగల పేరు మీద ఏడాదిలో కొన్ని రోజులకి మాత్రం ప్రభుత్వం అర్ధరాత్రి పన్నెండు దాకా సడలింపు ఇవ్వొచ్చు. కాబట్టి ఇప్పుడు నాటకం మొత్తం ఆడించడం కుదరదు, సీన్లు ఏరుకోవాల్సిందే. ఆర్కెస్ట్రాకి ఆ బాధ లేదు. ఎక్కడ ఆపినా ఆగుతుంది.

జనం విషయం కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆర్కెస్ట్రాకి ఎక్కువమంది వస్తారు. ఎండలో మిరపకాయలు కోసి వచ్చిన మనిషి సాయంత్రం రెండు గంటలు నవ్వుకోవాలని, చప్పట్లు కొట్టాలని అనుకోవడంలో తప్పేముంది? వినోదం మనిషికి అన్నం లాంటి అవసరం. కళ గొప్పదని చెప్పడానికి వినోదాన్ని తక్కువ చేసే వాళ్లతో నాకు ఎప్పుడూ పొత్తు కుదరలేదు.

అయినా నన్ను అడిగితే నాటకం వైపే మొగ్గుతాను. ఎందుకో చెప్పడానికి నాకు ఒక్క మాట చాలు: వన్స్ మోర్.

'పాండవోద్యోగ విజయాలు' నాటకాల్లోని పడక సీను కథ ఊళ్లో తెలియనిది ఎవరికి? కృష్ణుడు నిద్ర నటిస్తూ ఉంటాడు, దుర్యోధనుడు తల దగ్గర, అర్జునుడు కాళ్ల దగ్గర చేరతారు. ఎవరు ఏం కోరుకుంటారో, యుద్ధం ఎలా ముగుస్తుందో చిన్నపిల్లలకీ తెలుసు. తిరుపతి వెంకట కవులు ఆ పద్యాలు రాసి నూరేళ్లు దాటింది. ముందు వరుసలో కూర్చున్న సగం మందికి అవి నోటికి వచ్చు. అయినా పద్యం పూర్తవగానే పందిరి వెనక నుంచి "వన్స్ మోర్" అని కేక వస్తుంది. నటుడు మళ్లీ పాడతాడు. ఆ రెండోసారి పందిరి ఇంకా నిశ్శబ్దంగా ఉంటుంది.

ఆర్కెస్ట్రాలోనూ వన్స్ మోర్ ఉంటుంది, కానీ అది ఆ నెల పాటకే. పోయినేడు పందిరి ఊగిపోయిన పాటని ఈ ఏడు మొదలుపెడితే "కొత్తది వెయ్యండి" అని అరుస్తారు. పాడే అమ్మాయిలో లోపమేమీ లేదు. ఆ పాటకి ఊపిరి కొత్తదనమే, అది అయిపోతే పాట కూడా అయిపోతుంది. సెల్‌ఫోన్లో వేలితో పైకి తోసేసే వీడియోలూ అంతే. 'తర్వాత ఏం వస్తుంది' అన్నదే వాటి బలం. పద్య నాటకంలో తర్వాత ఏం వస్తుందో ముందే తెలుసు. అయినా మనిషి వెళ్లి కూర్చుంటున్నాడంటే కథ కోసం కాదు, ఇంకేదో కోసం. తెలిసిన తర్వాత కూడా తరగకుండా మిగిలేదాన్నే నేను కళ అంటాను.

కాటి సీను చూడండి. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకం ఆడేటప్పుడు ఆ సీనులో జాషువా గారి 'శ్మశానవాటి' పద్యాలు పాడటం మన దగ్గర ఆనవాయితీ అయిపోయింది. అవి మొదటి నుంచీ నాటకంలోవే అనుకునేవాళ్లు చాలామంది. కవి కలమూ, రాజు అధికార ముద్రికా, ఇల్లాలి నల్లపూసలూ అన్నీ ఒక్కచోటే కలిసిపోతాయని చెప్పే పద్యాలవి. నా ఇరవై ఏళ్లప్పుడు రాగం కోసం విన్నాను. మా నాన్నగారు పోయిన ఏడాది విన్నప్పుడు లేచి పందిరి బయటికి వెళ్లి నిలబడాల్సి వచ్చింది. అక్షరం మారలేదు, మారింది నేనే. నేను మారినకొద్దీ అదే పద్యం నాకు కొత్తగా ఏదో ఇస్తోంది.

మా ఊళ్లో ఒక పెద్దాయన ఉండేవారు. చదువు లేదు, వేలిముద్రే. ఓసారి రాయబారం సీనులో కృష్ణుడి పాత్రధారి పద్యంలో ఒక పాదం మింగేశాడు. వేదిక కింద నుంచి ఈయన ఆ పాదం అందించాడు. నటుడు నొచ్చుకోలేదు, చేతులు జోడించి మళ్లీ ఎత్తుకున్నాడు. చూసేవాడికి కూడా అంత హక్కు ఉంటుందని నాకు ఆ రాత్రే తెలిసింది. ఆర్కెస్ట్రాలో మనం ప్రేక్షకులం మాత్రమే. ఇక్కడ ఆ పద్యం కిందున్న వాళ్లది కూడా.

ఇంత చెప్పానని నాటకమంటే కళ, ఆర్కెస్ట్రా అంటే వినోదం అని గీత గీసేయకండి. నాటకం కూడా దిగజారుతుంది. 'చింతామణి'ని కాళ్లకూరి నారాయణరావు గారు వేశ్యాలోలత్వం సంసారాల్ని ఎలా కూలుస్తుందో చూపించడానికి రాశారు. తర్వాత తర్వాత అందులోని సుబ్బిశెట్టి పాత్ర హాస్యం పెరిగి పెరిగి, రాసినదాంట్లో లేని వెకిలి మాటలు చేరి, జనం వాటికోసమే రావడం మొదలైంది. ఒక సామాజిక వర్గం ఎంతో నొచ్చుకుంది. చివరికి 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ ప్రదర్శనని నిషేధించింది. నిషేధం సరైందా కాదా అన్న చర్చ వేరు. నాకు బాధ కలిగించేది దానికి ముందు జరిగింది: నవ్వు కోసం చేర్చిన ముక్కలు అసలు నాటకాన్ని మింగేయడం.

పద్యంలోనూ ఆ ప్రమాదం ఉంది. కొందరు నటులు పద్యం చివర రాగాన్ని నిమిషాల తరబడి లాగుతారు. చప్పట్లు పడతాయి, నిజమే. కానీ అప్పటికి రాయబారానికి వచ్చిన కృష్ణుడు కనబడడు, ఊపిరి ఎంతసేపు బిగబట్టగలడో చూపించే మనిషి కనబడతాడు. అది వినోదమే, కిరీటం పెట్టుకున్న వినోదం.

అటువైపు ఆర్కెస్ట్రాలో ఒక రాత్రి, డాన్సులన్నీ అయ్యాక, గొంతు బొంగురుపోయిన ఒక గాయని తనంతట తాను ఒక పాత జోలపాట ఎత్తుకుంది. వాయిద్యాలు ఆగిపోయాయి. పల్లీలు అమ్మే వాళ్లు కూడా నిలబడిపోయారు. ఆ మూడు నిమిషాల్ని నేను ఏ పద్యానికీ తక్కువగా తూచను.

మీరు నాటకం వైపు వస్తే, మా తప్పుల్లోంచి నేర్చుకున్నవి కొన్ని చెబుతాను. కాంట్రాక్టు నాటకం కంటే ఒక నాటక సమాజంగా కలిసి రిహార్సల్ చేసుకునే వాళ్లని పిలవండి. కాంట్రాక్టులో పేరున్న నటులు తలో ఊరి నుంచీ వచ్చి మేకప్ గదిలో మొదటిసారి కలుసుకుంటారు. ఒకే రాత్రి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు అని ముగ్గురు దిగుతారు. పోటీ రక్తి కడుతుంది, కానీ సీను నిలబడదు. హార్మోనిస్టు ఎవరో ముందు అడగండి. నటుడి శ్రుతి తెలిసిన హార్మోనిస్టు ఉంటే సగం నాటకం గట్టెక్కినట్టే.

చదివింపులు సీను మధ్యలో చదవనివ్వకండి. మా పందిట్లో లోహితాస్యుడి శవం ముందు చంద్రమతి ఏడుస్తుండగా మైకులో "ఫలానా వారు వెయ్యిన్నూటపదహార్లు" అని వినిపించింది. ఆ తప్పు మా కమిటీదే. అప్పటి నుంచి తెర పడ్డాకే చదువుతున్నాం. ఇచ్చేవాళ్లకి ముందే నచ్చజెబితే ఎవరూ కాదనలేదు.

కుర్రాళ్ల టెన్షన్ అందరికీ ఉంటుంది. సీనుకి ముందు ఊరి తెలుగు మాస్టారు ఐదు నిమిషాలు రాబోయే పద్యాల్లో రెండిటికి అర్థం చెబితే చాలు, చాలామంది కూర్చుంటారు. వాళ్లకి పద్యమంటే అయిష్టం లేదు. అర్థం కాక, అందరి ముందూ అడగలేక లేచిపోతున్నారు.

ఇక మిగతావి. హరికథ మంచిదే, కానీ దానికి గుడి మండపం సరిపోతుంది, వీధి పందిట్లో తేలిపోతుంది. బుర్రకథ గంటలో ముగుస్తుంది, నాటకానికి ముందు పెట్టుకోవచ్చు. సురభి వాళ్ల నాటకం తప్పకుండా చూడాల్సిందే. అయితే వాళ్ల భారీ సెట్టింగులకి తగ్గ వేదిక మన ఊళ్లలో దొరకదు. డీజే గురించి ఎవరూ నన్ను అడగొద్దు.

రెండూ ఒకే రాత్రి పెట్టొచ్చా అంటే వద్దు. ముందు ఆర్కెస్ట్రా పెట్టి చూశాం. ఆ బాక్సుల మోత తర్వాత హార్మోనియం ఎవరి చెవికీ ఎక్కలేదు. ముందు నాటకం పెడితే, వెనక నుంచి "త్వరగా కానివ్వండి" అన్న కేకలు. వేర్వేరు రాత్రులైతేనే రెండిటికీ మర్యాద దక్కుతుంది.

ఈ ఏడు మా పందిట్లో నవమి రాత్రి హరిశ్చంద్రలోని వారణాసి సీను, కాటి సీను. మర్నాడు ఆర్కెస్ట్రా. నిరుటి గాయనినే మళ్లీ రమ్మన్నాం. ఆ జోలపాట కూడా పాడమని అడిగాం.