ఫోర్‌రన్నర్‌కు అదనపు ట్రాన్స్‌మిషన్ కూలర్: రెండు ఎండాకాలాల వాడకం తరువాత

అరిజోనాలో ఫీనిక్స్ నుంచి ఫ్లాగ్‌స్టాఫ్ వెళ్లే ఐ-17 రహదారిలో బ్లాక్ కాన్యన్ సిటీ దాటగానే సన్‌సెట్ పాయింట్ దాకా పెద్ద ఘాట్ ఉంది. మూడేళ్ల కిందట జూలైలో, బయట 43 డిగ్రీల ఎండలో, వెనుక సామాను ట్రైలర్ తగిలించుకుని ఆ ఘాట్ ఎక్కుతుండగా మా 2016 టొయోటా ఫోర్‌రన్నర్ గేర్‌బాక్స్ నూనె 121 డిగ్రీల సెల్సియస్‌కు చేరినట్టు, బండి కంప్యూటర్‌లోని లెక్కలను చదివే ఓబీడీ రీడర్ ఫోనులో చూపించింది. ఇంజిన్ వేడి చూపే ముల్లు ఎప్పటిలాగే మధ్యలోనే ఉంది, హెచ్చరిక దీపమూ వెలగలేదు. ఆ రీడర్ లేకపోతే నాకు ఏమీ తెలిసేది కాదు. ఇంటికి తిరిగి వచ్చిన నెలలోపే, గేర్‌బాక్స్ నూనెను చల్లబరిచే అదనపు ట్రాన్స్‌మిషన్ కూలర్ పెట్టించాను.

ఆటోమేటిక్ గేర్‌బాక్సులో వేడి ఎక్కువగా పుట్టేది గేర్ల దగ్గర కాదు, ఇంజిన్ బలాన్ని నూనె ద్వారా గేర్‌బాక్సుకు అందించే టార్క్ కన్వర్టర్‌లో. ఇంజిన్ ఒక వేగంతో, గేర్‌బాక్స్ వైపు షాఫ్ట్ మరొక వేగంతో తిరుగుతున్నప్పుడు ఆ తేడా అంతా మధ్యలోని నూనెను చిలకడానికే పోతుంది, చిలికిన కొద్దీ నూనె కాగుతుంది. హైవే మీద సమంగా పోయేటప్పుడు లాకప్ క్లచ్ రెండింటినీ కలిపి పట్టుకుంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. ఇసుక వాగుల్లోనూ, రాళ్ల మీద అంగుళం అంగుళం జరిగేటప్పుడూ, బరువుతో ఘాట్ ఎక్కేటప్పుడూ ఆ పట్టు వదిలిపోతుంది. మా బండికి కంపెనీ ఇచ్చిన ఏర్పాటులో ఈ నూనె రేడియేటర్ అడుగు ట్యాంకులో ఉన్న చిన్న కూలర్ గుండా పోయి వస్తుంది. దాన్ని చల్లార్చాల్సిన కూలెంటే ఎండాకాలపు ఘాట్ మీద బాగా వేడెక్కి ఉంటుంది కనుక అక్కడ దొరికే ఉపశమనం కొంతే. నూనె 80 నుంచి 95 డిగ్రీల మధ్య ఉంటే హాయిగా పనిచేస్తుంది. 120 దాటి ఎక్కువసేపు ఉంటే లోపల వార్నిష్ లాంటి పొర కడుతుంది, సీళ్లు గట్టిపడతాయి, ఎర్రటి నూనె కాఫీ డికాక్షన్ రంగుకు తిరిగి మాడు వాసన వేస్తుంది.

నేను తీసుకున్నది పలకలు పేర్చిన రకం అల్యూమినియం కూలర్, ఏ4 కాగితం కంటే కొంచెం చిన్నది. ఏ కంపెనీదన్న విషయం కంటే ఏ రకమన్నదే ముఖ్యమని నా నమ్మకం కాబట్టి పేరు రాయడం లేదు. ఒకే గొట్టాన్ని మెలికలు తిప్పి రెక్కలు అతికించిన పాత రకం కాస్త చవకగా దొరుకుతుంది కానీ, అంతే స్థలంలో పలకల రకం ఎక్కువ వేడిని లాగుతుంది. పైగా చలిలో నూనె చిక్కగా ఉన్నప్పుడు ఆ పలకల మధ్య నుంచి అది సులువుగా కదులుతుంది.

అయితే ఈ పనిలో మంచిచెడ్డలు కూలర్ కంటే బిగింపు మీదే ఎక్కువ ఆధారపడి ఉన్నాయి. నూనె ముందు రేడియేటర్‌లోకి వెళ్లి, అక్కడి నుంచి కొత్త కూలర్‌లోకి వచ్చి, ఆ తరువాత గేర్‌బాక్సుకు తిరిగి పోవాలి. రేడియేటర్‌ను పూర్తిగా తప్పించి కొత్త కూలర్‌ను మాత్రమే వాడేవారు కూడా ఉన్నారు. రేడియేటర్ లోపలి కూలర్ పగిలితే కూలెంటు, నూనె కలిసి గేర్‌బాక్స్ పాడవుతుందన్న వారి భయం నిరాధారమేమీ కాదు. కానీ జనవరిలో ఫ్లాగ్‌స్టాఫ్ మంచులో తిరిగే బండికి నూనెను వెచ్చబరిచేది కూడా ఆ రేడియేటరే కనుక నేను దాన్ని ఉంచుకున్నాను.

మొదట ఈ పని ఒక వర్క్‌షాపులో చేయించాను, అది నా పొరపాటు. కిట్‌తో వచ్చిన ప్లాస్టిక్ పుల్లలను, రేడియేటర్ ముందుండి ఏసీ గ్యాస్‌ను చల్లబరిచే కండెన్సర్ రెక్కల మధ్య నుంచి దూర్చి కూలర్‌ను నేరుగా దానికే కట్టేశారు. లేక్ ప్లెజెంట్ వైపు నుంచి క్రౌన్ కింగ్‌కు ఎక్కే రాళ్ల దారిలో రెండుసార్లు వెళ్లి వచ్చాక గ్రిల్ విప్పి చూస్తే, కూలర్ మూల కండెన్సర్‌కు రాసుకుని గోరంత మేర వెండిలా మెరుస్తోంది; ఇంకొన్నాళ్లు ఆగితే ఏసీ గ్యాస్ పోయేది. వెంటనే అల్యూమినియం యాంగిల్ ముక్కలు కోసి, రేడియేటర్ ముందున్న ఇనుప చట్రానికి రబ్బరు వాషర్లతో బిగించి, కండెన్సర్‌కూ కూలర్‌కూ మధ్య వేలు దూరేంత సందు వదిలాను. హోస్ విషయంలోనూ జాగ్రత్త అవసరం: పెట్రోలు హోస్ ఈ వేడికి తట్టుకోదు, ట్రాన్స్‌మిషన్ నూనెకని రాసి ఉన్నదే వాడాలి. బిగించిన రాత్రి బండి కింద అట్టముక్క పరిచి ఉంచితే తెల్లవారేసరికి శనగ గింజంత ఎర్రటి చుక్క కనిపించింది. ఆ క్లాంపును మరో అర చుట్టు తిప్పాక మళ్లీ రాలేదు.

కూలర్, గొట్టాలు నింపుకునే నూనె అదనంగా పోయాలన్న సంగతి చాలామంది మరిచిపోతారు. ఈ బండికి డిప్‌స్టిక్ లేదు. నూనె సుమారు 36 నుంచి 46 డిగ్రీల మధ్య ఉండగా, ఇంజిన్ నడుస్తూ ఉండగా, అడుగున ఉన్న ఓవర్‌ఫ్లో రంధ్రం నుంచి సన్నగా కారడం చూసి మట్టం తేల్చుకోవాలి. నాకు అర లీటరుకు కొంచెం తక్కువ పట్టింది.

ఇక ఫలితం. నిరుడు జూలైలో అదే ఘాట్, అదే ట్రైలర్, బయట 42 డిగ్రీలు: నూనె 101 దాటలేదు. గేరు మాటిమాటికీ మారకుండా నాలుగులోనే నిలిపితే ఇంకో మూడు నాలుగు డిగ్రీలు తగ్గింది, ఎందుకంటే లాకప్ పట్టు విడవలేదు. రాళ్ల దారిలో మాత్రం లాభం అంత పెద్దది కాదు. గంటకు నాలుగైదు మైళ్ల వేగంలో గ్రిల్ గుండా గాలి రాదు కాబట్టి, ఇంజిన్ ఫ్యాన్ లాగినంతే కూలర్‌కు అందుతుంది. అక్కడ నన్ను కాపాడింది ‘ఫోర్ లో’, అంటే నాలుగు చక్రాలనూ బాగా తక్కువ గేరులో తిప్పే ఏర్పాటు. ఫోర్‌రన్నర్‌లో అది వేగాన్ని సుమారు 2.57 రెట్లు తగ్గిస్తుంది, దాంతో టార్క్ కన్వర్టర్ మీద భారం దిగిపోతుంది. నాలుగు చక్రాలూ మామూలు గేరులోనే తిరిగే ‘ఫోర్ హై’లోనే రాళ్ల మీద నెట్టుకుపోయే అలవాటున్న మిత్రులకు కూలర్ అమ్మకముందే ఈ మాట ఎవరైనా చెప్పాలని నా కోరిక.

చలికాలంలో నూనె వేడెక్కడానికి మునుపటి కంటే పది నిమిషాలు ఎక్కువ పడుతోంది. మినెసోటా వంటి గడ్డకట్టే చలి చోట్ల ఉండేవారు, నూనె కాగేదాకా కూలర్‌ను పక్కనపెట్టే థర్మోస్టాట్ బైపాస్ కూడా కొనుక్కోవడం మంచిది. అరిజోనాలో నాకు అది అవసరం రాలేదు. పట్టణంలో మాత్రమే తిరిగే బండికి, ట్రైలర్ తగిలించని బండికి ఈ ఖర్చు దండగ. మొన్న మార్చిలో నూనె మార్పించినప్పుడు పాత నూనెను తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి చూశాను: కాస్త ముదిరిన ఎరుపు, మాడు వాసన లేదు.