పాకెట్ నోడ్ల లింకుకు ఏది మేలు: ఏఎక్స్ఐపీనా, ఏఎక్స్‌యూడీపీనా, వైర్‌గార్డ్ టన్నెలా?

రెండు పాకెట్ నోడ్ల (హ్యామ్ రేడియోలో డేటాను ఒకచోటి నుంచి ఇంకోచోటికి అందించే స్టేషన్లు) మధ్య రేడియో దారి అందకపోతే ఇంటర్నెట్ మీద లింకు వేసుకుంటాం. నోడ్ నడిపే సాఫ్ట్‌వేర్ బీపీక్యూలో ఇందుకు ఏఎక్స్ఐపీ, ఏఎక్స్‌యూడీపీ రెండూ ఉన్నాయి. చేసే పని ఒకటే: ఏఎక్స్.25 (పాకెట్ రేడియో వాడే ప్రోటోకాల్) ఫ్రేమును ఐపీ ప్యాకెట్‌లో పెట్టి పంపడం. తేడా వచ్చేది ఇంటి రౌటర్ దగ్గర.

ఏఎక్స్ఐపీ 1991 నాటి ఆర్ఎఫ్‌సీ (ఇంటర్నెట్ పద్ధతులను వివరించే పత్రం) 1226లోది. దాని నంబరు 93. అది పోర్టు అనుకుని రౌటర్‌లో 93 ఫార్వర్డ్ చేసి (బయటి నుంచి వచ్చేదాన్ని ఇంట్లోని మెషీనుకు మళ్లించి), లింకు ఎందుకు లేవట్లేదా అని నేను ఒక ఆదివారమంతా తల పట్టుకున్నాను. అది ప్రోటోకాల్ నంబరు: టీసీపీకి 6, యూడీపీకి 17 ఉన్నట్టే దీనికి 93. ఇంటి రౌటర్లు మామూలుగా టీసీపీ, యూడీపీ పోర్టులనే ఫార్వర్డ్ చేయనిస్తాయి. నోడ్ మెషీనుకే నేరుగా పబ్లిక్ ఐపీ ఉంటే తప్ప దీని జోలికి పోవద్దనే చెబుతాను.

నా ఓటు ఏఎక్స్‌యూడీపీకే. పోర్టు మన ఇష్టం, వాడుకలో ఉన్నది 10093. నోడ్ మెషీనుకు ఇంట్లో మారని అడ్రసు ఇచ్చి, ఆ యూడీపీ పోర్టును దానికి ఫార్వర్డ్ చేసి, మెషీన్ ఫైర్‌వాల్‌లోనూ తెరవాలి. బీపీక్యూ కాన్ఫిగ్ ఫైలులోని మ్యాప్ లైనులో అవతలి కాల్‌సైన్, అడ్రసు, పోర్టు రాయాలి. కాల్‌సైన్ చివర గీత తర్వాత వచ్చే నంబరు, అంటే ఎస్ఎస్ఐడీ, ఒక్క అంకె తేడా పడినా లింకు లేవదు. ఐపీ మారుతూ ఉంటే డైనమిక్ డీఎన్ఎస్ పేరు ఇస్తే సరి. యూడీపీలో ప్యాకెట్లు పోతాయని టెన్షన్ వద్దు, కనెక్షన్‌లో పోయిన ఫ్రేమును ఏఎక్స్.25 తానే మళ్లీ పంపుకుంటుంది.

ఇవన్నీ చేసినా పని జరగకపోతే రౌటర్‌కు బయటివైపు వచ్చిన ఐపీ చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు ప్రొవైడర్ నాట్ (చాలామందికి ఒకే పబ్లిక్ ఐపీని పంచే ఏర్పాటు) వెనక ఉన్నట్టే, మీ ఫార్వర్డింగ్ అక్కడ చెల్లదు. అవతలివాళ్లకు పబ్లిక్ ఐపీ ఉంటే మీరే ముందు పలకరించాలి. మధ్యమధ్య ఏదో ఒకటి పంపుతూ ఉండకపోతే తెరుచుకున్న దారి కాసేపటికే మూసుకుపోతుంది. గంటకోసారి వెళ్లే నోడ్స్ ప్రసారం (నోడ్ తనకు తెలిసిన నోడ్ల జాబితా పంపడం) దానికి చాలదు.

ఇద్దరూ నాట్ వెనకే ఉంటే అప్పుడు వైర్‌గార్డ్, అంటే ఇంటర్నెట్ మీద గుప్తంగా నడిచే ప్రైవేటు టన్నెల్. ఇద్దరూ కలిసే అద్దె సర్వర్ మీద యూడీపీ 51820 తెరిస్తే చాలు, ఇళ్లలో పోర్టులేవీ తెరవక్కర్లేదు. కీప్‌అలైవ్ (దారి మూసుకోకుండా పంపే పలకరింపు) 25 సెకన్లు పెట్టి, లోపల అదే ఏఎక్స్‌యూడీపీ నడపవచ్చు. నెలనెలా అద్దె, చూసుకోవడానికి ఇంకో మెషీను మాత్రం తప్పవు.

ఏ దారి ఎంచుకున్నా బీపీక్యూలోకి దూరం నుంచి లాగిన్ అయ్యే టెల్నెట్ పోర్టును, చాలామంది దానికి పెట్టుకునేది 8010, లింకు కోసం బయటికి తెరవకండి. లింకుకు దాని అవసరమే లేదు. పైగా అందులో పాస్‌వర్డ్ ఏ దాపరికం లేకుండా వెళ్తుంది.