గ్లూఎన్‌2బి యాంటీబాడీ: ఎన్-చివరదా, సి-చివరదా? ఏది మేలు?

నరాల కణాల మీద గ్లూటమేట్ సంకేతాన్ని అందుకునే ఎన్‌ఎండీఏ రిసెప్టర్‌లోని గ్లూఎన్‌2బి సబ్‌యూనిట్‌కి యాంటీబాడీ ఎంచుకునేటప్పుడు అందరూ మోనోక్లోనలా (ఒకే రకం), పాలిక్లోనలా (చాలా రకాల కలగలుపు) అనే అడుగుతారు. ముందు అడగాల్సింది వేరే: అది ప్రొటీన్‌లో ఎక్కడ అతుక్కుంటుంది?

మనిషి గ్లూఎన్‌2బిలో 1484 అమైనో ఆమ్లాలుంటాయి. ఎన్-చివర (గొలుసు మొదలు) కణం బయట, సుమారు 640 అమైనో ఆమ్లాల సి-తోక (గొలుసు చివరి భాగం) కణం లోపల. దీని దగ్గరి పోలికున్న మరో సబ్‌యూనిట్ గ్లూఎన్‌2ఎకీ దీనికీ బయటి భాగంలో, ముఖ్యంగా గ్లూటమేట్ కూర్చునే చోట, పోలిక చాలా ఎక్కువ. తోకలు మాత్రం బాగా వేరు. సబ్‌యూనిట్‌ని కచ్చితంగా గుర్తించాలంటే తోక మీది ఎపిటోపే (యాంటీబాడీ అతుక్కునే చోటు) మేలు. అయితే తోక కొసను తీసుకోకండి. రెండు సబ్‌యూనిట్లూ ఐఈఎస్‌డీవీ అనే ఒకే అమైనో ఆమ్లాల వరుసతో ముగుస్తాయి. పైగా సైనాప్స్‌లోని పీఎస్‌డీ-95 అనే ప్రొటీన్ పట్టుకునేది ఆ కొసనే కాబట్టి స్థిరీకరించిన (రసాయనంతో గట్టిపరచిన) కణజాలంలో అది కప్పబడిపోయి ఉండొచ్చు. తోక మధ్యభాగం మీద తయారైనదే చూడండి.

వెస్టర్న్ బ్లాట్‌కి (ప్రొటీన్లను జెల్‌లో సైజు ప్రకారం విడదీసి యాంటీబాడీతో గుర్తించే పద్ధతి) నేను చెప్పేది ఇదే. బ్యాండ్ 180 కిలోడాల్టన్ల దగ్గర రావాలి. 6 నుంచి 7.5 శాతం జెల్, తడి ట్రాన్స్‌ఫర్, మెథనాల్ 10 శాతం, 4 డిగ్రీల దగ్గర 30 వోల్టులతో రాత్రంతా. శాంపిల్‌ని 95 డిగ్రీల దగ్గర మరిగిస్తే పొర ప్రొటీన్లు గడ్డకట్టి బావి అడుగునే ఉండిపోవచ్చు. 37 డిగ్రీల దగ్గర అరగంట ఉంచితే చాలు. బ్యాండ్ రాలేదని యాంటీబాడీని తప్పుపట్టే ముందు బావుల అడుగున మరక ఉందేమో చూడండి.

తోక యాంటీబాడీకి ఒక లోటుంది. కాల్పెయిన్ అనే ఎంజైమ్ తోకను కోసేస్తే మిగిలే సుమారు 115 కిలోడాల్టన్ల ముక్క దానికి కనబడదు. కణజాలం తీయడం ఆలస్యమైతే 180 బ్యాండ్ పలచబడుతుంది, రిసెప్టర్ తగ్గిపోయిందనిపిస్తుంది. ఆ ముక్కను చూపగలిగేది ఎన్-చివర యాంటీబాడీ ఒక్కటే.

న్యూరాన్ ఉపరితలం మీద రిసెప్టర్‌ని కొలవాలన్నా అదే కావాలి. డిటర్జెంట్ వేయకుండా, బతికున్న కణాలను చల్లగా ఉంచి, కాసేపే యాంటీబాడీ పెట్టి, కడిగి, ఆ తర్వాతే 4 శాతం పారాఫార్మాల్డిహైడ్ పోయాలి. వెచ్చగా ఎక్కువసేపు ఉంచితే యాంటీబాడీ రెండు చేతులూ రెండు రిసెప్టర్లను కలిపి పట్టుకుంటాయి, కణం వాటిని లోపలికి లాగేసుకుంటుంది. (ఆటోఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్ రోగుల్లో గ్లూఎన్‌1 యాంటీబాడీలు చేసేదీ ఇదే.) పక్క డిష్‌లో కణాలకు అదే పద్ధతిలో, కణం లోపలే ఉండే ఎంఏపీ2 ప్రొటీన్‌కి యాంటీబాడీ వేయండి. అవి వెలిగితే పొరలు చిరిగాయన్నమాట, ఆ విడత ఫలితాలను లెక్కలోకి తీసుకోకండి. ఇంకో మాట: బ్లాట్‌లో పనిచేసిన ఎన్-చివర యాంటీబాడీ, మడతపడి ఉన్న అసలు ప్రొటీన్‌ని పట్టుకుంటుందన్న హామీ లేదు.

మెదడు సెక్షన్లలో స్థిరీకరణ గట్టిగా ఉంటే రెండు రకాలూ సైనాప్స్‌ని చేరలేకపోవచ్చు. అప్పుడు దారి తెరవడానికి 0.2 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో మిల్లీలీటరుకి 1 మిల్లీగ్రాము పెప్సిన్ (ప్రొటీన్లను కోసే ఎంజైమ్), 37 డిగ్రీల దగ్గర 2 నుంచి 5 నిమిషాలు. ఎక్కువైతే సెక్షన్ చివికి స్లైడ్ నుంచి ఊడిపోతుంది.

మోనోక్లోనల్ సంగతికొస్తే, దొరికితే రికాంబినెంట్ కుందేలుది తీసుకోండి, ప్రతి లాట్ ఒకేలా ఉంటుంది. ఎలుకదైతే ఎలుక కణజాలం మీద సెకండరీ (మొదటి యాంటీబాడీని చూపించే రెండో యాంటీబాడీ) అక్కడున్న ఎలుక సొంత యాంటీబాడీ ఐజీజీని కూడా పట్టుకుంటుంది.

ఏది కొన్నా రుజువు చూడండి. గ్లూఎన్‌2బి లేని ఎలుక పిల్లలు పుట్టిన కొద్దికాలానికే చనిపోతాయి, కాబట్టి ఒళ్లంతా ఆ జన్యువు తీసేసిన (నాకౌట్) పెద్ద ఎలుకల కణజాలం దొరకదు. అందుకే హిప్పోక్యాంపస్ పక్క వరసలో పెద్ద ఎలుక సెరిబెల్లం వేయండి. అక్కడ గ్లూఎన్‌2బి చాలా తక్కువ, గ్లూఎన్‌2ఎ మాత్రం ఉంటుంది. రెండు వరసలూ ఒకే ముదురుగా వస్తే మీ యాంటీబాడీ పట్టుకుంటున్నది గ్లూఎన్‌2ఎని కావచ్చు. యాంటీబాడీ తయారీకి వాడిన పెప్టైడ్‌తోనే దాన్ని ముందే అడ్డుకుని చూడడం దీనికి ప్రత్యామ్నాయం కాదు, ఎందుకంటే తప్పు ప్రొటీన్‌కి అతుక్కున్న సిగ్నల్ కూడా దానితో మాయమవుతుంది.