రంగం వెళ్ళి తిరిగిరాని మా చిన తాతయ్య, ఆయన తేదీ దొరికిన వెబ్‌సైటు

మా ఇంట్లో ఒక తద్దినానికి తిథి లేదండి. మా తాతయ్య తమ్ముడు రెండో ప్రపంచ యుద్ధంలో మిలిటరీలో చేరి రంగం వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. రంగం అంటే రంగూన్, మా గుంటూరు పెద్దాళ్ళు ఇప్పటికీ అలాగే అంటారు. ఏ రోజు పోయాడో ఎవరికీ తెలీదు కాబట్టి మహాలయ అమావాస్య నాడు అందరితో పాటే ఆయనకీ ఇన్ని నువ్వులూ నీళ్ళూ వదిలేవాళ్ళు, ఎనభై ఏళ్ళు అలాగే నడిచిపోయింది.

రివ్యూ కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వాళ్ళ వెబ్‌సైటు మీద, అంటే రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయిన సైనికుల సమాధులు, పేర్లు చూసుకునే సంస్థ. సీడబ్ల్యూజీసీ అని కొడితే వస్తుంది, వెతకడానికి ఒక్క రూపాయి కట్టక్కర్లా. ఈ సంగతి తెలీక నేను ముందు విజయవాడలో ఒకాయనకి ఐదు వేలు అడ్వాన్సు ఇచ్చా, పాత మిలిటరీ రికార్డులు తీయిస్తానన్నాడు, నాలుగు నెలలు "ఢిల్లీ నుంచి రావాలి సార్" అన్నాడు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. పోయిన డబ్బులు పోయాయిలెండి, మీరు మాత్రం ఇవ్వకండి.

సైటులో పేరు కొట్టగానే దొరికేస్తుందనుకోవద్దు. మన పేర్లు అప్పట్లో ఎవరో రాతగాడు చెవికి వినపడ్డట్టు ఇంగ్లీషులో రాసేసుకున్నాడు, సుబ్బయ్య సుబియా అయిపోతాడు, స్వామి సామి అయిపోతాడు, ఇంటిపేరు అసలుండదు. నేను రెండు రాత్రులు కూర్చుని పదిహేను రకాల స్పెల్లింగులు కొట్టినా ఏం రాలా.

అప్పుడు మా మేనత్త ట్రంకు పెట్టె అడుగు నుంచి గుడ్డలో చుట్టిన పతకం తీసింది. బర్మా స్టార్, ఆరు కోణాల కంచు నక్షత్రం, రిబ్బను చెదలు తినేసింది. చింతపండుతో తోముతానంది, "అత్తయ్యా ఆగవే" అని లాక్కున్నా. వెనక్కి తిప్పి ఫోన్ టార్చి ఏటవాలుగా పెడితే సన్న అక్షరాలు లేచాయి, నెంబరు, హోదా, పేరు, దళం పొట్టి పేరు. ఇండియా వాళ్ళకిచ్చిన స్టార్ల మీద ఇలా పేరు కొట్టేవాళ్ళట, బ్రిటన్ వాళ్ళకి మాత్రం ఉత్తివే ఇచ్చారు. ఈ ఒక్క విషయంలో మనవాళ్ళదే పైచేయి. మీ ఇంట్లో అలాంటిది ఉంటే ముందు వెనక వైపు చూడండి, దయచేసి తోమకండి.

ఆ సర్వీసు నెంబరు కొట్టా. ఒకే ఒక్క పేరు వచ్చింది. ఇండియన్ పయనీర్ కార్ప్స్, అంటే పారా పలుగూ పట్టుకుని రోడ్లేసినవాళ్ళు, తుపాకీ పట్టుకున్న వీరుడి బొమ్మ మా ఇంట్లో ఊహించుకున్నారు కానీ మనిషి మట్టి మోశాడన్నమాట. కింద ఫలానావారి కొడుకు అని మా ముత్తాత పేరు, ఊరి పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది, పక్కన గుంటూరు డిస్ట్రిక్ట్, ఇండియా. చనిపోయిన తేదీ 1945లో. అత్తయ్యకి చదివి వినిపిస్తే "మా నాన్న పేరు కూడా రాయాల్సింది, వెతికింది ఆయనే కదరా" అంది.

సమాధి లేదు. రంగూన్ మెమోరియల్ మీద పేరుంది, రాతి మీద ఏ వైపు ఉందో నెంబరు కూడా ఇచ్చారు. యాంగోన్‌కి, అంటే ఇప్పటి పేరుతో రంగూన్‌కి, ఉత్తరాన తౌక్యాన్‌లో ఆరు వేల పైచిలుకు సమాధుల మధ్య ఉంటుందది, ఏ సమాధీ దొరకని దాదాపు 27,000 మంది పేర్లు చెక్కారు. దహనం చేసిన హిందూ, సిక్కు సైనికులకి అక్కడే ఇంకో స్మారకం ఉంది. రంగూన్ మెమోరియల్ మీద ఇంగ్లీషు, బర్మీస్, హిందీ, ఉర్దూ, గురుముఖిలో స్వేచ్ఛగా బతికే మనుషులందరి కోసం పోయారని రాశారు. తెలుగు లేదు.

నెంబరు లేనివాళ్ళకి ఒక కిటుకు. అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో అడిషనల్ ఇన్ఫర్మేషన్ అని ఒక గడి ఉంటుంది, అందులో గుంటూరు అని కొట్టి ఇండియన్ దళాలు ఎంచుకోండి. అప్పటి గుంటూరు జిల్లాలో ఒంగోలు, బాపట్ల, నరసరావుపేట అన్నీ ఉన్నాయి కాబట్టి ప్రకాశంలో ఒంగోలు వైపు వాళ్ళు కూడా అక్కడే వెతుక్కోవాలి. నేను మా చిన తాతయ్యని వదిలేసి ఒక అర్ధరాత్రంతా మిగతా ఊళ్ళ పేర్లే చదువుకుంటూ కూర్చున్నా.

దొరకనివి కూడా చెప్పాలి. యుద్ధం నుంచి బతికి వచ్చినవాళ్ళు ఇందులో ఉండరు. రెండో యుద్ధానికి 3 సెప్టెంబర్ 1939 నుంచి 31 డిసెంబర్ 1947 వరకూ, మొదటిదానికి 31 ఆగస్టు 1921 వరకూ పోయినవాళ్ళే లెక్క. సర్వీసు కాయితాలు, ఫోటోలు ఆశించొద్దు, వాటికి ఆయా దళాల రికార్డు ఆఫీసులకి రాసుకోవాలి, మద్రాస్ సాపర్స్, అంటే సైన్యంలో ఇంజనీరింగ్ పని చేసే దళం, వాళ్ళదైతే బెంగళూరు. ఇంకోటి, మొదటి యుద్ధంలో చనిపోయిన ఆఫ్రికా, ఆసియా సైనికుల్లో కనీసం లక్షా పదహారు వేల మందికి పేరు కూడా పెట్టలేదని 2021లో ఈ కమిషనే వేయించిన రిపోర్టు తేల్చింది, కమిషన్ క్షమాపణ చెప్పింది. కాబట్టి పేరు రాకపోతే మీ తాత మిలిటరీలో లేడని కాదు.

బర్మా దాకా పోలేనివాళ్ళకి చెన్నై నందంబాక్కంలో మద్రాస్ వార్ సిమెట్రీ ఉంది, 856 సమాధులు, గడ్డి కూడా కత్తిరించి పెడతారు, మొదటి యుద్ధం వాళ్ళ పేర్లు వేరే రాతి మీద. మాకు పని లేకపోయినా చెన్నై పెళ్ళికెళ్ళినప్పుడు చూసొచ్చాం.

స్టార్లు ఐదూ ఇస్తున్నా. తేదీ పట్టుకుని పంతులుగారి దగ్గరికెళ్ళా, పాత పంచాంగం తీస్తాడనుకుంటే ఫోన్ తీసి 1945 కొట్టి తిథి చెప్పేశాడు. ఈ ఏడు అది ఆదివారం పడింది, గారెలకి మినప్పప్పు ఎంత పోయాలని అత్తయ్య పొద్దున్నుంచి రెండుసార్లు ఫోన్ చేసింది.