మూడేళ్లుగా వెలుతురుతోనే నడుస్తున్న ట్యాగులు

మా మందుల గిడ్డంగిలో అరలకు అంటించిన ముప్పై ట్యాగులకు బ్యాటరీ లేదు. అగ్గిపెట్టె కన్నా కాస్త వెడల్పైన డబ్బీ, దాని మీద ముదురు గోధుమ రంగు సౌర ఫలకం, లోపల సెన్సర్, కాస్త కరెంటు దాచుకునే ఒక కెపాసిటర్. పది నిమిషాలకోసారి గుర్తింపు సంఖ్యతో పాటు ఉష్ణోగ్రత, తేమ కొలతలను రీడర్‌కు, అంటే వాటి సంకేతాలు అందుకునే పరికరానికి పంపుతాయి.

ఇదివరకటివి బిళ్ల బ్యాటరీలతో నడిచేవి. నెలకు రెండు మూడైనా మూగబోయేవి, నిచ్చెన వేసుకుని మార్చేవాళ్లం. ఈ అరల దగ్గర ఆ శ్రమ పూర్తిగా తప్పింది. రీడర్ తరంగాల నుంచే శక్తి తీసుకునే ట్యాగులనూ ప్రయత్నించాం. కొద్ది మీటర్లు దాటితే అవి పలకవు. వీటికి గిడ్డంగి మొత్తానికీ ఒక్క రీడర్ చాలింది.

మొదటి నెల మాత్రం నిద్ర పట్టలేదు. సెలవు మర్నాడు కింది అరల్లోని నాలుగు ట్యాగుల జాడే ఉండేది కాదు. ఆగిపోయిన గంటల కొలతలు ఇక ఎప్పటికీ దొరకవు, మందుల విషయంలో అది చిన్న లోటు కాదు. వెలుతురు కొలిచే లక్స్ మీటర్ పెట్టి చూస్తే పై అరలో 400 లక్స్, కింద అట్టపెట్టెల నీడలో 40 కూడా లేదు. మన కంటికి ఆ తేడా అంతగా తెలియదు. మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. గదిలో అందులో వందో వంతైనా ఉండదు. అందుకే వీటిలో క్యాలిక్యులేటర్లలో ఉండే అమార్ఫస్ సిలికాన్ రకం ఫలకం వాడతారు, మసక వెలుతురులో అదే నయం.

సరేనని ఒకదాన్ని కిటికీ పక్కకు మార్చాను. అది ఆగలేదు గానీ, మధ్యాహ్నం 34 డిగ్రీలు చూపింది. పక్కనే నీడలో ఉన్న థర్మామీటర్‌లో 27. ఎండకు డబ్బీయే వేడెక్కుతోంది! అది తేలేలోపు ఒక అర మందులన్నీ పక్కన పెట్టించాను. ఇప్పుడు అన్నిటినీ అరల ముందు అంచున, దీపాల వైపు వాల్చి, ఎండ తగలకుండా బిగించాం. నెలకోసారి పొడిబట్టతో దుమ్ము తుడుస్తాం.

కొనేవారు రెండు ప్రశ్నలు గట్టిగా అడగాలి: ఎన్ని లక్స్‌లో పనిచేస్తుంది, చీకట్లో ఎన్ని గంటలు నిలుస్తుంది? మాకిచ్చిన కాగితంలో ‘గది వెలుతురు చాలు’ అని మాత్రమే ఉంది.

టీకాలుండే చల్లగదిలో తలుపు తీసినప్పుడే దీపం వెలుగుతుంది. అక్కడ ఇప్పటికీ బ్యాటరీ ట్యాగులే ఉంచాను.