నర్సు రేటు కట్టించుకుని ఆయాని పంపుతున్నారు, జాగ్రత్త!

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వాళ్ళు ఇంట్లో రోగిని చూసుకునే నర్సు కోసం ఏజెన్సీకి డబ్బు కట్టే ముందు ఇది చదవండి. ఏ ఏజెన్సీ అన్నది ఇక్కడి వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా చదివిన) నర్సు అన్నారు, నెల డబ్బు ముందే తీసుకున్నారు. వచ్చినమ్మాయి నర్సే కాదు. ముక్కుగొట్టం ఉన్న పెద్దాయనకి వెల్లకిలా పడుకోబెట్టే పాలు పోసేస్తోంది! తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తాలి. గొట్టం మీది గుర్తు ముక్కు దగ్గర జరగలేదని చూసుకున్నాకే పోయాలి. పోశాక కనీసం అరగంట అలాగే ఉంచాలి. లేకపోతే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా వస్తుంది. మూత్రం సంచి చూస్తే మంచం మీద, కాళ్ళ పక్కన ఉంది. అది పొత్తికడుపు కంటే కిందికి వేలాడాలి, నేలకి తగలకూడదు. పైనుంటే మూత్రం వెనక్కి పారి ఇన్‌ఫెక్షన్ పట్టుకుంటుంది. ఆ పిల్లని అనడానికి లేదు, ఎవరూ నేర్పలేదు. మోసం పంపినవాళ్ళది.

రెండు గంటలకోసారి పక్క మార్చినట్టు రిజిస్టరు రాస్తున్నారు. తెల్లవారుజామున 4 గంటలకి తీసి చూస్తే 6 గంటల గడిలో కూడా "ఎడమ పక్క" అని రాసేసి ఉంది. నడుం కింద ఎముక మీద చర్మం ఎర్రగా ఉంది, వేలితో నొక్కినా తెల్లబడట్లేదు. పుండు మొదలైనట్టే.

సర్టిఫికెట్ చూపించమంటే వచ్చిన జవాబు ఇది: "మా ఆఫీసు ఆంధ్రాలో ఉంది, మీరు ఒడిశావాళ్ళు. ఇక్కడికొచ్చి కేసేసుకోండి." గంట తిరక్కుండా ఆ అమ్మాయిని వెనక్కి పిలిపించుకున్నారు, రిజిస్టరుతో సహా. గొట్టాలతో ఉన్న మనిషిని చూసేవాళ్ళు లేకుండా వదిలేసిపోయారు. రోగి గురించి రాసిన కాగితం రోగి ఇంట్లో లేకుండా చేశారు.

ఆంధ్రాకొచ్చే కేసేసుకోవాలన్న మాట పచ్చి అబద్ధం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. 1986 నాటి చట్టంలో అలా లేదు, జనానికి ఇంకా ఉన్న ఆ పాత భయమే వీళ్ళకి పెట్టుబడి. చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు 2 ఏళ్ళు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

ఇంకోటి, నర్సు అంటే నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, అది వాట్సాప్‌లో తెప్పించుకున్నాకే డబ్బు కట్టండి. రసీదు మీద "నర్సు" అని రాయించండి. రిజిస్టరు పేజీ ఏ రోజుది ఆ రోజే ఫోటో తీసి పెట్టుకోండి.